గిటారు ధ్యానం

ఆ ఉదయం మామూలుగానే స్నానం చేసి, నందివర్ధనాలు కోసుకొచ్చి, దీపం వెలిగించి, తులసిమాలతో జపానికి కూర్చున్నాను. పక్క గదిలో తమ్ముడు గణేష్‌బాబు రైసుమిల్లుకు తయారవుతూ, మామూలుగానే టేప్ రికార్డరు పెట్టాడు. ఎవరో విదేశీ రాక్ గిటారిస్టు. ఎప్పుడో పోయాడట. అయినా అతని పేరెత్తితే తమ్ముడు చేతులు జోడిస్తాడు.

"ఆ గోల తగ్గించరా" అని కేకెయ్యబోయాను.

అంతలో టేపులోని గిటారిస్టు ఒక్క తీగను నొక్కి పక్కకు లాగాడు. స్వరం తెగకుండా పైకి పాకింది. చిన్నప్పుడు వీణ మీద అలాంటి గమకం పలకకే నేను పాఠం మానేశాను. ఇప్పుడైనా తెగుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. తెగలేదు. నా కళ్ళు మూతపడి నీళ్ళు కారాయి. వేళ్ళ మధ్య పూస ఆగిపోయింది. నాలుక మీది రాముడు కూడా ఆగి విన్నట్టున్నాడు.

కళ్ళు తెరిచేసరికి మరదలు సూర్యకళ నా కాళ్ళకు దణ్ణం పెడుతోంది.

"వదినగారు ధ్యానంలోకి వెళ్ళిపోయారండి. ఎంత పిలిచినా పలకలేదు. ఆ కన్నీళ్ళు చూడండి" అని మొగుడికి చెప్పింది.

కాదని చెప్పవలసింది. కొంగు సర్దుకుని గంభీరంగా తల పంకించాను.

సాయంత్రం అందరూ కూర్చుని తేల్చారు. ఇంతటి భక్తికి అడ్డు రాకూడదు కనుక టేప్ రికార్డరు తెల్లారగానే మిల్లు ఆఫీసు గదికి వెళ్ళిపోవాలి.

"ఇన్నాళ్ళూ నిన్ను ఇబ్బంది పెట్టానక్కయ్యా" అన్నాడు తమ్ముడు.

నేను పట్టుబట్టిన మీదట ఇంకొకటి కూడా తేల్చారు. రేపట్నుంచి తమ్ముడికి మధ్యాహ్నం క్యారేజీ మిల్లుకు నేనే పట్టుకెళ్ళాలి.