పై గది జులపాలాయన

తూములో ఇనుప తీగ పెట్టి లాగితే మూరన్నర పొడుగు జుట్టు బయటికొచ్చింది.

మూరన్నరే. టైలరమ్మ కంటికి కొలతలో తేడా రాదు.

ఆ జుట్టు ఆమె షాపు పై గదిలో అద్దెకున్న జులపాలాయనది. వచ్చి మూడు నెలలైంది. ఆయన చేసే పనేమిటో వీధిలో ఒక్కరికీ అంతు చిక్కలేదు.

"ఏదో బ్యాండులో డ్రమ్ములు కొడతాడక్కా," అన్నాడు పక్కనే చెప్పుల షాపు నడిపే ఆయన.

"డ్రమ్ములు కొట్టేవాడికి మోచేతులకు కట్లెందుకయ్యా?"

"అయితే బొమ్మలేస్తాడు."

"బొమ్మలేసేవాడు కుంటుకుంటూ ఇంటికొస్తాడా?"

చెప్పుల షాపాయన చేతిలో ఉన్న చెప్పు దులిపాడు. "అయితే ఎక్కడో తన్నులు తింటున్నాడు. అంతే."

టైలరమ్మ నవ్వేసింది కానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. ఆ సాయంత్రం జులపాలాయన మెట్ల దగ్గర కనబడగానే పిలిచింది.

"ఏమయ్యా, నువ్వు చేసే ఉద్యోగమేమిటి?"

"పిలిచిన రోజు వెళ్లి చేసొస్తానక్కా."

"అదే, ఏం పని?"

"చెప్పనని మాటిచ్చాను."

"నలుగురికీ చెప్పుకోలేని పని కూడా ఒక పనేనా?"

అతను నొచ్చుకోలేదు. జుట్టు ముడేసుకుంటూ, కుట్టుమిషను పైన గోడకున్న సినిమా హీరోయిన్ ఫొటో వంక చూశాడు.

"ఆవిడంటే ఇష్టమా మీకు?"

టైలరమ్మ మిషను తొక్కడం ఆపేసింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె కాలూ చెయ్యీ వేరే పని చెయ్యవు.

"మా ఆయన పోయాక మా మరిది ఇంట్లో చాకిరీ చేస్తూ పడి ఉన్నాను. సొంతంగా షాపు పెట్టుకుంటానంటే, నీ వల్ల ఏమవుతుంది వదినా అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నా. అప్పుడే ఈవిడ సినిమా ఒకటి చూశాను. వెనక రౌడీలు తరుముకొస్తుంటే ఆ పిల్ల మేడ మీంచి పక్క మేడ మీదికి దూకుతుంది. కింద చూస్తే కళ్లు తిరిగేంత ఎత్తు. దూకేముందు ఒక్క క్షణం ఆగింది. భయపడింది. భయపడుతూనే దూకింది. నేను హాల్లోంచి తిన్నగా వెళ్లి ఈ మిషను కొనుక్కున్నాను."

"ఆగడం మీరు చూశారా?" అతను జుట్టు ముడి సగంలో వదిలేశాడు.

"చూడకేం? నన్ను కదిలించింది అదే. ఊరికే దూకేసుంటే సినిమాలే అనుకునేదాన్ని."

అతని మొహం దీపం వెలిగించినట్టయింది.

టైలరమ్మ మళ్లీ అసలు విషయానికొచ్చింది. "ఆడపిల్ల అంత సాహసం చేస్తే, నువ్వేమో మూలుగుతూ మెట్లెక్కుతావు. ముందు ఆ జుట్టు కత్తిరించుకో. ఎవరైనా పిలిచి ఉద్యోగమిస్తారు."

"కత్తిరిస్తే ఉన్నది ఊడుతుందక్కా," అని నవ్వుకుంటూ పైకి వెళ్లిపోయాడు.

తర్వాత వారమే అతను చేతికి పెద్ద కట్టుతో దిగాడు. వీధిలో గుసగుసలు ఎక్కువయ్యాయి. టైలరమ్మ మనసు రాయి చేసుకుని, గది ఖాళీ చెయ్యమంది.

అతను ఒంటి చేత్తోనే గది తుడిచాడు. తూము శుభ్రం చేశాడు. సంచీ భుజాన వేసుకుని దిగుతూ మెట్ల మీద ఆగాడు.

"అక్కా, ఆ మేడ దూకిన సంగతి ఇంకొక్కసారి చెబుతారా?"

వెర్రిబాగులవాడనుకుని చెప్పింది. అతను మెట్టు మీద కూర్చుని, కథ వినే చిన్నపిల్లాడిలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. చివర్లో నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆ హీరోయినే ఆ వీధి చివర కొత్త బట్టల షాపు తెరవడానికి వచ్చింది.

టైలరమ్మ మోచేతులతో దారి చేసుకుంటూ ఆమె ముందుకు చేరింది. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట గబగబా చెప్పేసింది. మేడ, ఆగడం, దూకడం, షాపు. చెబుతుంటే కళ్లనిండా నీళ్లు.

హీరోయిన్ అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగింది.

"మీకు అబద్ధం చెప్పబుద్ధి కావడం లేదు ఆంటీ. నాకు స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కాళ్లు వణుకుతాయి."

"మరి ఆ మేడ?"

"దూకింది నేను కాదు. నాలాగే నడుం దాకా జుట్టున్న ఒకాయన. నా బట్టలేసుకుని వెనక్కి తిరిగితే మా అమ్మ కూడా పోల్చుకోలేదు. బయట చెప్పొద్దని మా వాళ్లు మాట తీసుకున్నారు. పాపం, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

టైలరమ్మకు ముందు సిగ్గేసింది. ఆ వెనకే నవ్వు తన్నుకొచ్చింది. ఎవరిని తలుచుకుని బతుకు దిద్దుకుందో, ఆ మనిషి మూడు నెలలు తన నెత్తిమీదే కాపురమున్నాడన్నమాట.

"ఆయనెక్కడుంటాడమ్మా? మా పై గది ఇంకా ఖాళీగానే ఉంది. కాఫీకైనా రమ్మనాలి."

హీరోయిన్ ఆమెను ఎగాదిగా చూసింది. మెడలో వేలాడుతున్న టేపు చూసి, రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఆయన సెట్లో అందరికీ చెప్పుకునే అక్క మీరేనా? ఇన్నేళ్ల ఉద్యోగంలో చప్పట్లన్నీ నాకే పోయాయట ఆంటీ, తన చెవిన పడినవి మీరు తిడుతూ కొట్టినవేనట."