కారణం అడిగే మిషన్

రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కంప్యూటరు కబుర్లు ఎవరు చదువుతారు?

2004లో, హైదరాబాద్ పత్తర్‌గట్టిలో నేను పనిచేసే బట్టల దుకాణం లెక్కలుండే సర్వర్‌లో, అక్కడి కంప్యూటర్లు చూసే లక్ష్మీకాంత్ కొత్త విండోస్ వేశాడు. దుకాణం మూసేవేళ నన్ను పిలిచి చూపించాడు.

"ఆపేటప్పుడు కారణం రాయకుంటే బంద్ కాదన్నా. మస్తు మర్యాదుంది దీనికి!"

మా ఇంట్లో ఫ్యాను ఆపాలన్నా కారణం చెప్పాలి, అది వేరే సంగతి.

అప్పుడే మా యజమాని సేఠ్ తలుపులోంచి తొంగిచూశాడు. "లక్ష్మీకాంత్ భాయ్, రేపటిసంది రావొద్దు."

"పదకొండేండ్ల కొలువు సేఠ్! నేనేం తప్పు చేసిన?"

సేఠ్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

లక్ష్మీకాంత్ సర్వర్ ఆపబోయాడు. ఎందుకని అది అడిగింది.

"ఏం రాయాలన్నా?"



తనే తెరమీద కారణం రాసే గడిలో ఒక్క చుక్క పెట్టాడు. మిషన్‌కు అది చాలింది; ఆగిపోయింది.