గోడ అవతలి పళ్లాయన

"మళ్లీ కొట్టాడే వాడు!"

షాపు నుంచి వచ్చి ఆమె ఇంకా చెప్పులైనా విప్పలేదు, మొగుడి కేక వినబడింది.

అతను నైట్ బస్సు డ్రైవరు. రాత్రంతా బండి నడిపి పగలు పడుకుంటాడు. ఆ పడుకోవడమే సాగనివ్వడం లేదు పక్క గదిలో పళ్లాయన. కట్టుడు పళ్లు తయారుచేసే ఒంటరి మనిషి. ఉన్నట్టుండి సుత్తి పుచ్చుకుని మధ్యగోడ ధనధనా బాదుతాడు.

"నిన్న ఒక్కసారీ కొట్టలేదన్నారుగా?"

"వాడి పైత్యం రోజుకో రకం! ఒకరోజు చప్పుడే ఉండదు, ఒకరోజు కన్ను మూయనివ్వడు."

నిద్ర చాలక స్టీరింగ్ దగ్గరే కునుకు పడుతోందతనికి. ఇంకోసారి తూగితే ఇంటికి పంపిస్తానని డిపో మేనేజరు మొహమ్మీదే చెప్పాడు. ఉద్యోగం సంగతి సరే, మనిషి ఎక్కడ దక్కకుండా పోతాడోనని ఆమె హడలి చచ్చేది.

ఆస్పత్రికి తీసుకెళ్తే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బేమోనంది డాక్టరమ్మ. ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టి, ఒంటినిండా వైర్లు తగిలించి చూశారు. ఏమీ తేలలేదు.

"ఇంకో రాత్రి కూడా చూద్దాం."

"ఎందుకండీ? ఇక్కడ గోడ బాదేవాడు లేడు, హాయిగా నిద్రపోయా," అని నవ్వేశాడతను.

ఇంకేముంది, దొంగ దొరికాడు! ఆమె తిన్నగా పక్క గదికి వెళ్లింది.

"ఏమయ్యా, నీకేం పోయేకాలం?"

"అది కాదమ్మా, మీవారి గురక..."

"గురక పెడితే గోడ బాదుతావా? ఊళ్లోవాళ్ల పళ్లు చేసేవాడివి, ముందు నీ పళ్లు జాగ్రత్త చేసుకో!"

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. వింటేగా! ఇంటి ఓనరు దగ్గర ఏడ్చి మొత్తుకుని గది ఖాళీ చేయించి, సామాను వీధిలో పెట్టించింది. వెళ్తూ వెళ్తూ ఆయన ఏదో చెబుదామని తమ గుమ్మం దాకా వస్తే, మొహం మీదే తలుపేసింది.

పీడ విరగడైంది. మొగుడు పగలంతా ఒళ్లెరగకుండా పడుకుంటున్నాడని పొంగిపోయింది.

ఓ సాయంత్రం షాపు నుంచి వచ్చి లేపితే లేవలేదు. ఒళ్లు మంచులా ఉంది.

"పరీక్షలో ఏమీ లేదన్నారుగా!" డాక్టరమ్మను పట్టుకుని గొల్లుమంది.

"ఆ రాత్రి లేదమ్మా. ఈ జబ్బు ఒక రాత్రి ఉన్నట్టు ఇంకో రాత్రి ఉండదు. ఒకసారి మామూలుగానే నిద్రపోతారు, ఇంకోసారి మాటిమాటికీ ఊపిరి ఆగిపోతుంది. అందుకే మళ్లీ చూద్దామన్నాను."

"ఆగితే తెలిసేదెలా?"

"పెడుతున్న గురక టక్కున ఆగిపోతుంది. అప్పుడు ఎవరైనా కదిపినా, పెద్ద చప్పుడైనా ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటారు. ఆయన పడుకున్నప్పుడు దగ్గర్లో ఎవరూ ఉండేవారు కాదా?"

"లేర..." అనబోయి ఆమె ఆగిపోయింది.

ఉండేవాడు. గురక ఆగిన ప్రతిసారీ గోడ కొట్టి తన మొగుడికి ఊపిరి పోసిన ఆ మనిషిని, సామాను వీధిలో పెట్టించి మరీ తనే వెళ్లగొట్టింది.