రాత్రి రెండుకు నాలుగు వేల అడుగులు

"రాత్రి రెండు గంటలప్పుడు నాలుగు వేల అడుగులు యాడికేసినాడో నువ్వే అడుగు పాపా!" అంటూ నీలావతి రిపోర్టు కాగితాన్ని ఝాన్సీ టేబుల్ మీద పరిచింది.

పెనుకొండలో షుగరు జబ్బు సర్వే ఆఫీసు అది. అడుగులు లెక్కపెట్టే బెల్టులను జనం వారం రోజులు నడుముకు కట్టుకుంటారు. వాటిలోని అంకెలు ఎక్సెల్ ఫైళ్ళుగా వస్తే, సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి రిపోర్టు తీయడం ఝాన్సీ పని.

నీలావతి వెనకాల ఆమె మొగుడు తిమ్మరాజు నిలబడ్డాడు. బస్టాండు దగ్గర మోటార్లు రిపేరు చేసే షాపు అతనిది. ముఖం వాడిపోయి ఉంది.

"పండుకుంటే తెల్లారేదాకా లేసేవాణ్ణి కాదమ్మా నేను. రెండు దినాలాయ, ఈమె నాతో మాట్లాడల్యా."

"వారమంతా అదే టైముకు పోయినాడు! మిషను అబద్ధం చెప్తాదా? నేను రామగిరికి, మా నాయన కాడికి పోతాండా."

ఝాన్సీ కంగారుగా ఫైలు తెరిచింది. టైము ఉన్న వరుస చూసి నాలుక కరుచుకుంది.

"అక్కా, తప్పు నాదే. ఫైలు ఎక్కించేటప్పుడు పీఎం అనేది ఎగిరిపోయింది. ఇది రాత్రి కాదు, మధ్యాహ్నం రెండు."

"ఇన్యావా?" తిమ్మరాజు ఛాతీ విరుచుకున్నాడు. అంతటితో ఊరుకోక బుర్ర గోక్కున్నాడు. "అయినా మధ్యాహ్నం గూడా నేను షాపు దిగల్యా పాపా. ఒట్టు."

ఝాన్సీ మళ్ళీ ఫైలు వైపు తిరిగింది.

"అన్నా, నీ బెల్టు నంబరెంత?"

"పదహారు."

ఫైలు మొదట్లో పదిహేడు అని ఉంది. ఝాన్సీ రిజిస్టరు తిప్పి చూసింది. పదిహేడు నీలావతి కట్టుకున్న బెల్టు.

"పేర్లు తారుమారైనాయక్కా" అంది మెల్లగా. "ఈ నడక నీది."

తిమ్మరాజు కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"బువ్వ తిని పండుకుంటానంటివే! అంత ఎండలో దినామూ యాడికి పోతాండావు?"

నీలావతి కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది.

"నీ షాపు కాడికే. నువ్వు ఆడ ఉండావా ల్యాదా అని చూసేకి."