నిన్నటి ప్రశ్నే

"సైన్సు వద్దు, ఏం వద్దు. సీఈసీల చేర్పిస్త," మళ్లీ అదే మాట అన్నాడు దయాకర్.

"ఫెయిలైంది ఒక్క కెమిస్ట్రీ. దానికే గ్రూపు మార్చాల్నా? సప్లిమెంటరీ ఉన్నది కదా," అంది స్వర్ణ దోసె తిరగేస్తూ.

"రాస్తే పాసైతదా?"

"పొద్దుగాల్నే యూనివర్సిటీ క్యాంపస్‌కు పోయి చదువుతనే ఉన్నది."

"చదువుడా!" అత్తగారు కాశమ్మ అందుకుంది. "గాడ ఎవలో ముసలామెతోని ముచ్చట్లు పెడుతున్నదట. పాలాయన చూసిండు."

భాగ్య తలెత్తింది. "ముచ్చట్లు కావు నానమ్మా. ఆంటీ డౌట్లు అడుగుతది."

"నిన్నా? ఫెయిలైనదాన్నా?" దయాకర్ నవ్వాడు. "ఈసారి పోయిందా, ఇగ సీఈసీనే."

మర్నాడు స్వర్ణ కూతురి వెంట తనూ క్యాంపస్‌కు వెళ్లింది.

కానుగ చెట్టు కింద బెంచీ మీద గంజి పెట్టిన చీరలో ఓ పెద్దావిడ. పేరు సుగుణమ్మ.

భాగ్య పుస్తకం తెరవగానే అడిగింది.

"ఈక్విలిబ్రియం వచ్చిందంటే రియాక్షన్ ఆగిపోయినట్టే కదమ్మా?"

"ఆగదు ఆంటీ. మెట్రో చూడండి. మెట్టుగూడ స్టేషన్ల ఎంతమంది దిగుతరో అంతమందే ఎక్కిండ్రనుకోండి. పెట్టెల జనం అంతే కనిపిస్తరు. కానీ ఎక్కుడు, దిగుడు నడుస్తనే ఉంటది."

సుగుణమ్మ చప్పట్లు కొట్టింది.

"బాగుంది! మరి ఎలక్ట్రాన్లు పోతే ఆక్సిడేషన్ అంటారు. పోయినవి ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు. పక్కదానికి చేరుతయి. ఒకటి ఇస్తేనే ఇంకోటి తీసుకుంటది. రెండూ ఒకేసారి."

స్వర్ణ కూతుర్ని పక్కకు లాగింది. "నిన్న గూడ ఇదే అడిగిందా?"

"రోజూ ఇదే అడుగుతది మమ్మీ. పుస్తకంల ఉన్నట్టు చెప్తే ఊకోదు. సొంత మాటలతోని చెప్పాలె."

స్వర్ణకు ఒళ్లు మండింది.

"అమ్మా, మా పిల్లకు పరీక్షలున్నయి. మీకు పొద్దు పోకపోతే ఇంకెవర్నన్న చూస్కోండి."

సుగుణమ్మ గాభరాగా లేచి నిలబడింది. కొంచెం దూరంలో ఉన్న ఓ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "సారీ అండీ" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

వెళ్తూ వెళ్తూ సుగుణమ్మ వెనక్కి తిరిగింది. "రేపు చెబుతావామ్మా?"

ఆ రేపటి నుంచి ఆమె రాలేదు.

సప్లిమెంటరీ ఫలితాలు వచ్చాయి. దయాకర్ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని మరీ చూశాడు. కెమిస్ట్రీలోనే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు.

"ఎట్లొచ్చినయే ఇన్ని?"

"ప్రశ్న చూడంగనే ఆంటీ అడిగినట్టే అనిపించింది డాడీ. ఆంటీకి చెప్పినట్టే రాసిన."

స్వర్ణ తార్నాకలో మైసూర్‌పాక్ కొని, నేరుగా క్యాంపస్‌కు వెళ్లింది.

బెంచీ ఖాళీగా ఉంది. ఆనాడు పరుగెత్తుకొచ్చిన అమ్మాయి ఒక్కతే నడుస్తోంది. సుగుణమ్మ కూతురట, పేరు లిడియా.

"అమ్మ రాలేదా?"

"ఆ రోజు నుంచి బయటికి రానంటోందండీ. మాట్లాడటం కూడా తగ్గించేసింది."

"నేనన్నదానికా?"

లిడియా స్వర్ణను కూర్చోబెట్టి తల్లి సంగతి చెప్పింది. మిఠాయి డబ్బా మూత తీయకుండానే స్వర్ణ ఇంటిదారి పట్టింది.

సాయంత్రం అందరూ టీ తాగుతున్నారు.

"సైన్సే చదువు బిడ్డా," అన్నాడు దయాకర్, తనే గెలిచినట్టు.

స్వర్ణ గ్లాసు కింద పెట్టింది.

"రేపట్నుంచి సాయంత్రాలు భాగ్యను సీతాఫల్‌మండిల గా పెద్దామె ఇంటికి తోల్కపోత. సుగుణమ్మకు కెమిస్ట్రీ చెప్తది. లిడియాను అడిగే వచ్చిన."

"గీ వయసుల ఆమెకు కొత్త చదువెందుకే?" అంది కాశమ్మ.

"కొత్తది కాదు అత్తమ్మా." స్వర్ణ గొంతు తగ్గింది. "మతిమరుపు జబ్బుతోని మనుషులే యాదికుంటలేరట. భాగ్య చెప్పిన పాఠమొక్కటే పొద్దూకేదాక యాదికుంటుండెనట. రిటైరయ్యేదాక గా క్యాంపస్‌ల గదే పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఆమె."