నలభై ఒక్క ముళ్ళు

గుమ్మంలోంచి పడే వెలుతురులో చేట పెట్టుకుని రాజులమ్మ చోళ్ళలో రాళ్ళు ఏరుతోంది. మనవరాలు వెన్నెల ఫోను పట్టుకుని ఎదురుగా చతికిలబడింది. ముసలమ్మ తల ఎత్తలేదు.

"మళ్ళా ఆ గెడ్డ బొమ్మేనేటి? ఒద్దు. ఓపాలి సూసినాను."

"అది కాదు మామ్మా. ఇది వేరే."

"ఏదైనా ఒకటే. సాలూరు పంపమంటావు, అంతే కదా. ఈ గుంట పురుడు నా సేతిలోనే అవుద్ది."

ఆ గుంట వెన్నెల వదిన చిన్నమ్మలు. గోడకి ఆనుకుని కూర్చుంది. తొమ్మిదో నెల. బట్టల సంచి సర్ది పక్కన పెట్టుకుంది. సాలూరులో గర్భిణులు కాన్పుకి ముందే వచ్చి ఉండే వసతి గృహం ఉంది. అక్కడికి తీసుకెళ్ళడానికి ఆమె భర్త ఫల్గుణ జీపు కోసం కొండ దిగి వెళ్ళాడు. మబ్బు చూస్తే రాత్రికి వాన తప్పేలా లేదు. దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగిందంటే వారం రోజులు జీపు కాదు, మేక కూడా దాటదు. చిన్నమ్మలుకి వెళ్ళాలనే ఉంది. కానీ కోడలిగా వచ్చి ఏడాదే అయింది. ఊరందరికీ పురుడు పోసిన ముసలమ్మని కాదని గడప దాటే ధైర్యం లేదు.

వెన్నెల డిగ్రీ రెండో సంవత్సరం. వీడియోతో ఎదుటివాళ్ళని ఒప్పించడం ఎలాగో మోహన్‌కృష్ణ సార్ చెబుతున్నారు. ఒక్క మనిషి మనసు మార్చే రెండు నిమిషాల వీడియో చేసుకు రమ్మన్నారు. మొదటిసారి వెన్నెల పొంగిన గెడ్డ, డోలీలో మూలుగుతున్న మనిషి, దడ పుట్టించే సంగీతం అన్నీ పెట్టింది. రాజులమ్మ సగంలోనే ఫోను తిరిగి ఇచ్చేసింది.

"నన్ను బెదిరిస్తన్నావేటే?"

సార్ ఆ వీడియో చూసి నవ్వారు. "తనని ఓడించడానికి తీసింది ఎవరూ చివరిదాకా చూడరమ్మా. ఆవిడకి ఏది గర్వమో అది చూపించు. సంగీతం తీసెయ్. ఆఖర్న ఒక్క మాట కూడా పెట్టకు. మూడు సెకన్లు చీకటి ఉంచు. మిగతాది ఆవిడే చెప్పుకుంటుంది."

గర్వం చూపిస్తే ఇంకా బిగుసుకుపోదా అని వెన్నెలకి అనుమానమే. అయినా సార్ చెప్పినట్టే చేసింది.

"ఇందులో అందరూ నీ మనుషులే మామ్మా."

రాజులమ్మ చేట పక్కకి జరిపింది.

తెర మీద పశువులు తోలుకొస్తున్న ఒకాయన ఆగి, "నాను రాజులమ్మ సేతిలో పుట్టినాను," అన్నాడు. తర్వాత పసుపు ఉడకబెడుతున్న ఆడమనిషి. అదే మాట. ఆ తర్వాత జీపు టైరు మారుస్తున్న కుర్రాడు.

"ఈడు కాళ్ళతో బయటకొచ్చినాడు. ఇప్పటికీ అన్నీ తలకిందుల పనులే," అంది రాజులమ్మ. చిన్నమ్మలు దగ్గరికి జరిగి కిసుక్కుమంది.

రాజులమ్మ చెయ్యి చాచి చిలక్కొయ్యకున్న నూలు తాడు అందుకుంది. బొడ్డుకి కట్టగా మిగిలిన నూలుతో పేనిన తాడు అది. పోసిన ప్రతి పురిటికీ అందులో ఒక ముడి వేసింది. నలభై ఒక్క ముళ్ళు. అప్పటికి అయిన మూడు ముఖాలకీ మూడు ముళ్ళు జరిపి, ఆపైన ఒక్కో ముఖం వచ్చినప్పుడల్లా ఒక్కో ముడిని వేళ్ళ మధ్య నుంచి జరుపుతూ చూడసాగింది.

"ఇది అచ్చియమ్మ కూతురు కాదేటి? మద్రాసులో కదా ఉంది."

"వీడియో కాల్‌లో తీశాను. ఎక్కడున్నా సరే, బతికున్న వాళ్ళలో ఒక్కరిని కూడా వదల్లేదు."

"పిడుగువే."

ఆఖర్న ఫల్గుణ కనిపించాడు. అతని తర్వాత వెన్నెల. అదే మాట ఆమె కూడా చెప్పింది. తెర నల్లబడింది.

ముందు తేరుకున్నది చిన్నమ్మలు. ఆమె ముఖంలో ఇన్నాళ్ళూ ఉన్న భయం కనిపించలేదు. పక్కనున్న సంచిని మూలకి నెట్టేసింది.

"ముప్పై ఏడు మంది మామ్మా. నాను లెక్కెట్టినాను. ఇలాటి సెయ్యి ఇంట్లో ఎట్టుకుని సాలూరెందుకు? ఇక నువ్వెల్లమన్నా నానెల్లను."

"వదినా, నేను తీసింది అందుకు కాదు."

"నువ్వే కదే సూపించినావు."

కింద మలుపులో జీపు హారన్ మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది.

"బేగి రమ్మంటన్నాడు మీ అన్న. రానని సెప్పేసి రా," అంది చిన్నమ్మలు, కాళ్ళు చాపుకుంటూ.

వెన్నెల లేవలేదు. మామ్మ వైపు చూసింది. గెలిచానన్న సంతోషం ఆ ముఖంలో ఉంటుందనుకుంది. రాజులమ్మ వాళ్ళ మాటలు విన్నట్టే లేదు. నల్లబడ్డ ఫోనునే చూస్తోంది. ఆమె వేళ్ళ దగ్గర ఇంకా జరగని ముళ్ళు నాలుగున్నాయి.

"మామ్మా, ఆ నాలుగూ..."

ముసలమ్మ తాడుని చిలక్కొయ్యకి తగిలించింది. మూలకి వెళ్ళి, వంగి, చిన్నమ్మలు సంచిని తీసి భుజాన వేసుకుంది. గడప దాటి జీపు వైపు నడిచింది.