గుడ్లగూబకు ఎవరు చెప్పారు?

"దొంగవి నువ్వే," అన్నాడు ల్యాబ్‌ను నడిపే పెద్దాయన.

శుక్రవారం సాయంత్రం. ల్యాబ్‌లో అందరూ కంప్యూటర్లు ఆపి సంచులు సర్దుకుంటున్నారు. అందరూ బ్యాటరీ అక్క అని పిలిచే ఇంజనీరు చేతిలోని నీళ్ళ సీసా ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఏం దొంగిలించాను సార్?"

"మన గుట్టంతా గుడ్లగూబకు మోస్తున్నది నువ్వే. సోమవారం మేడమ్ వస్తున్నారు. ఆవిడ ముందే తేలుస్తాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను!"

గుడ్లగూబ ఎవరో ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్‌లో ఆ మారుపేరుతో రాస్తాడు. ఈ కంపెనీ నుంచి రాబోయే గేమ్ మెషిన్, అదే, చేతిలో పట్టుకుని ఆడుకునేది, దాని లోపల ఏముంటుందా అని వారం వారం ఊహాగానాలు. ఊహలని పేరే గానీ రాసిందల్లా నిజమవుతోంది. జాయ్‌స్టిక్‌ల కింద అయస్కాంతాలు పెడతారన్నాడు, పెట్టారు. ఫ్యాన్ తీసేస్తారన్నాడు, తీసేశారు. బ్యాటరీ పలచబడుతుందన్నాడు, పలచబడింది. కంపెనీ యజమానురాలికి కంటి మీద కునుకు లేదు. దొంగ ఎవరో తేల్చి తీరాలని పెద్దాయనకు గట్టిగా చెప్పేసింది.

వేలు చూపించడానికి ఆయనకు బ్యాటరీ అక్కే ఎందుకు దొరికింది? నోరున్న మనిషి గనక. పెద్దాయన ప్రతి సోమవారం ఓ కొత్త ఆలోచనతో ఊడిపడతాడు. అంతవరకూ చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. మిగతావాళ్ళు గంగిరెద్దుల్లా తల ఊపుతారు, ఈవిడ ఊపదు. బ్యాటరీ పలచన చేయమన్నప్పుడు "గంటకే చచ్చే మెషిన్ ఎవరు కొంటారు సార్?" అని అందరి ముందూ అడిగేసింది. ఆ మాట ఆయన మరిచిపోలేదు.

ఇంటికొచ్చి చెప్పులు ఓ మూలకు విసిరేసింది. భర్త ఇస్త్రీ చేస్తున్నవాడల్లా ఆగాడు. సంగతి విన్నాడు.

"పోతే పోనీవే. ఇంకో ఉద్యోగం రాదా?"

"దొంగ అనిపించుకుని పోతే ఏ ల్యాబువాళ్ళు గుమ్మం ఎక్కనిస్తారండీ? ఉద్యోగం పోయినందుకు కాదు నా ఏడుపు. నా పేరుకి మసి పూస్తానంటున్నాడు, ఆ పెద్దమనిషి!"

"ఇంతకీ ఆ గుడ్లగూబ ఏం రాశాడట?"

"నాకేం తెలుసు?"

"అదేమిటి, చదవలేదా?"

చదవలేదు. ల్యాబ్‌లో ఎవరూ చదవరు. అక్కడి రూలు అది. లోపలివాళ్ళు బయటి ఊహలు చదివితే, రేపు ఎవడో వచ్చి నా ఆలోచన కాజేశారంటూ కోర్టుకెక్కుతాడట. చదివినట్టు తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే. చూసి చెప్పే బాధ్యత పెద్దాయన ఒక్కడిది. ఇదిగో, ఇది కూడా పొక్కిందని ఆయన అరుస్తాడు, మిగతావాళ్ళు హడలిపోతారు.

"ఎలాగూ ఊడేదేగా," అన్నాడు భర్త. "చదివే ఊడగొట్టుకో."

ఆదివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చుంది. గుడ్లగూబ ముందురోజే ఓ కొత్త రాత పెట్టాడు. చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది. ముందు పకపకా నవ్వింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. పాతవి చూసే ఓపిక కూడా లేకపోయింది.

"ఏమండీ, వీడు ఒట్టి కోతలరాయుడండీ! ఇలాంటిది మా మెషిన్‌లో లేనే లేదు. మాలో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. లోపలి మనిషి చెప్తుంటే ఇంత తలతిక్క రాత రాస్తాడా? నోటికొచ్చింది రాసేస్తున్నాడు, వెధవ! ఈ వెధవ కోసం నేను దొంగనవ్వాలా?"

"అదే చెప్పు మేడమ్‌కి."

"చెప్తాను. చదివానని ఒప్పుకునే చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ, దొంగ అన్న మాట మాత్రం ఆయన చేతే దిగమింగిస్తాను."

సోమవారం. మీటింగ్ గదిలో బల్ల చివర యజమానురాలు కూర్చుంది. బ్యాటరీ అక్క లోపలికి రాగానే అందరూ ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా కలిసి భోంచేసినవాళ్ళే! చిప్‌ల పని చూసే పెద్ద ఇంజనీరు మాత్రం పక్కకు వంగి గొణిగాడు.

"తల్లీ, ఓ సారీ పడేసి బయటపడు."

"చేయని తప్పుకా అన్నయ్యా? నా చెప్పు కూడా చెప్పదు."

యజమానురాలు కళ్ళజోడు సవరించుకుంది. "ఈవిడేనా?"

"ఈవిడే మేడమ్," అన్నాడు పెద్దాయన. "ఉప్పు తిన్న ఇంటికే..."

బ్యాటరీ అక్క దిగ్గున లేచింది. "మేడమ్, నేనొక మాట చెప్పాలి. గుడ్లగూబ..."

"నువ్వాగు!" పెద్దాయన బల్ల మీద చరిచాడు. "ముందు పని సంగతి. నీ సంగతి తర్వాత."

"సరే, కానివ్వండి," అంది యజమానురాలు.

బ్యాటరీ అక్క కూర్చోలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కోపమంతా ఏమైందో, ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఈ వారం మార్పు ఒక్కటే మేడమ్. నిన్న మొక్కలకు నీళ్ళు పోస్తుంటే తట్టింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడక్కూడా తెలియదు. మెషిన్ పైఅంచున ఓ బుల్లి గాలిచక్రం పెడదాం. ఉఫ్ అని ఊదితే చక్రం గిర్రున తిరుగుతుంది, తెర మీద బొమ్మ పరిగెడుతుంది. ప్రపంచంలో ఎవడికీ రాని ఆలోచన!"

గదిలో అందరూ తల ఊపారు.

"మేడమ్," అంది బ్యాటరీ అక్క, "సార్‌కి నిన్న తట్టిన ఈ ఆలోచనని గుడ్లగూబ మొన్న శనివారమే రాసేశాడు, మీ ఫోన్‌లోనే చూసుకోండి."